కారవాన్ ఫ్రిజ్ వెనక గాలికి దారి చూపడం: ఒక కేస్ స్టడీ

మెల్బోర్న్ పడమటి శివార్లలో నివసించే ఒక తెలుగు కుటుంబం వాడిన కారవాన్‌ను (కారు వెనక తగిలించి లాక్కెళ్లే చక్రాల ఇంటిని) కొనుక్కుని, జనవరి వేసవి సెలవుల్లో మర్రే నది ఒడ్డున ఉన్న మిల్డూరాకు వెళ్లింది. మెల్బోర్న్‌కు వాయవ్యంగా సుమారు 540 కిలోమీటర్ల దూరంలోని ఆ ఊళ్లో జనవరి పగటి ఉష్ణోగ్రత సగటున 32, 33 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఉంటుంది, వడగాలి వీచే రోజుల్లో 40 దాటుతుంది. తెల్లవారుజామున 4 డిగ్రీల దగ్గర నిలకడగా ఉన్న ఫ్రిజ్ మధ్యాహ్నం దాటేసరికి 13 డిగ్రీలకు ఎక్కింది. పెరుగు పులిసింది, దోసెల పిండి పొంగి డబ్బా మూతను తోసేసింది, చంటిబిడ్డ కోసం ఉంచిన పాలు పారబోయవలసి వచ్చింది. ఆస్ట్రేలియా ఆహార భద్రతా నియమాల ప్రకారం పాడయ్యే ఆహారాన్ని 5 డిగ్రీలు లేదా అంతకంటే చల్లగా ఉంచాలి కాబట్టి, పసిపిల్లలున్న కుటుంబానికి ఇది అసౌకర్యం మాత్రమే కాదు, ఆరోగ్యానికి ముప్పు కూడా.

"ఫ్రిజ్ మార్చాల్సిందేనా అండీ?" అని కారవాన్ యజమాని, మరమ్మతు చేసే నన్ను అడిగారు. కారవాన్ ఫ్రిజ్ అంటే వేల డాలర్ల ఖర్చు. పరీక్షించకుండా ఔననీ కాదనీ చెప్పడం తగదు. అయితే ఆయన మాటల్లోనే ఒక బలమైన ఆధారం దొరికింది. రాత్రిపూట ఫ్రిజ్ 4 డిగ్రీలకు దిగుతోంది. శీతలీకరణ వ్యవస్థ లోపల వాయువు కారిపోయినా, గొట్టాల్లో తుప్పు ముక్కలు అడ్డుపడినా ఫ్రిజ్ రాత్రి కూడా చల్లబడదు. రాత్రి బాగుండి పగలు చెడుతున్న ఫ్రిజ్‌ను చూసినప్పుడు దాని యంత్రాన్ని అనుమానించే ముందు, ఆ యంత్రం విడుదల చేసే వేడి ఎటు పోతోందో చూడటం నా పద్ధతి.

ఈ ఫ్రిజ్ పనిచేసే తీరు

ఇది 12 వోల్టుల బ్యాటరీ, 230 వోల్టుల మెయిన్స్ కరెంటు, ఎల్‌పీజీ గ్యాస్ అనే మూడింటితోనూ నడిచే అబ్జార్ప్షన్ ఫ్రిజ్. ఇంట్లో ఉండే ఫ్రిజ్‌లా దీనికి కంప్రెసర్ ఉండదు, కదిలే భాగం ఒక్కటీ ఉండదు. స్టాక్‌హోంలోని రాయల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో చదువుకుంటున్న బాల్ట్‌సర్ వాన్ ప్లాటెన్, కార్ల్ ముంటర్స్ 1922లో రూపొందించిన ఈ విధానాన్ని ఎలక్ట్రోలక్స్ 1925 నుంచి మార్కెట్లోకి తెచ్చింది. నేటి కారవాన్ ఫ్రిజ్‌లలోనూ మూలసూత్రం అదే.

ఫ్రిజ్ వెనక కింది భాగంలో ఉన్న బాయిలర్‌ను మంటగానీ హీటర్‌గానీ కాచినప్పుడు, అందులోని అమ్మోనియా కలిసిన నీటి నుంచి అమ్మోనియా ఆవిరై పైకి పోతుంది. పైన రెక్కలు తొడిగిన గొట్టమే కండెన్సర్. అక్కడ ఆవిరి తన వేడిని గాలికి ఇచ్చి ద్రవంగా మారి, ఫ్రిజ్ లోపలున్న ఇవాపరేటర్‌లోకి జారుతుంది. ఇవాపరేటర్‌లో హైడ్రోజన్ నిండి ఉండటం వల్ల అమ్మోనియా పాక్షిక పీడనం (వాయువుల మిశ్రమంలో దాని వంతు పీడనం) బాగా పడిపోయి, అది తక్కువ ఉష్ణోగ్రత దగ్గరే మళ్లీ ఆవిరవుతూ లోపలి వేడిని లాక్కుంటుంది. తరువాత ఆ రెండు వాయువులూ కలిసి కింద చుట్టలు చుట్టుకున్న అబ్జార్బర్‌లోకి వస్తాయి. బాయిలర్ నుంచి తిరిగి వచ్చిన పలుచని ద్రావణం అక్కడ అమ్మోనియాను పీల్చుకుంటుంది, హైడ్రోజన్ ఒంటరిగా పైకి వెళ్లిపోతుంది. పీల్చుకునే క్రమంలో అబ్జార్బర్ కూడా వేడిని వదులుతుంది.

కాబట్టి ఈ ఫ్రిజ్ వీపు మీద గాలి తగలవలసిన చోట్లు రెండు. వీటిలో కండెన్సర్ సంగతి చాలామందికి తెలుసు, అబ్జార్బర్ సంగతి కొద్దిమందికే తెలుసు. అమ్మోనియా 50 డిగ్రీల దగ్గర ద్రవం కావాలంటే సుమారు 20 బార్ల పీడనం (ఒక బార్ అంటే దాదాపు వాతావరణ పీడనం) చాలు, అదే 60 డిగ్రీల దగ్గర 26 బార్లు కావాలి. గొట్టాల్లో నింపిన వాయువుల మోతాదు ముందే నిర్ణయమైపోయింది కాబట్టి, కండెన్సర్ చుట్టూ గాలి కాగినకొద్దీ ద్రవమయ్యే అమ్మోనియా తగ్గుతుంది. అబ్జార్బర్ కాగితే జరిగే నష్టం మరో రకం. వేడి ద్రావణం అమ్మోనియాను సరిగా పీల్చుకోలేదు. హైడ్రోజన్ కొంత అమ్మోనియాను వెంటబెట్టుకునే ఇవాపరేటర్‌కు తిరిగి పోతుంది. అక్కడ పాక్షిక పీడనం పెరిగి, ఎంత చల్లదనం రావాలో అంత రాదు. హీటర్ పూర్తి శక్తితో పనిచేస్తున్నా లోపల ఉష్ణోగ్రత ఎక్కడానికి ఈ రెండు కారణాలూ కలిసి పనిచేస్తాయి.

తొలగించుకున్న అనుమానాలు

ఫ్రిజ్‌ను బిగించిన గూడు విప్పే ముందు మామూలు పరీక్షలన్నీ చేశాను. కారవాన్ మట్టంగానే నిలబడింది. ఈ ఫ్రిజ్‌లో ద్రవాలు కేవలం వాలును బట్టి ప్రవహిస్తాయి కాబట్టి కొన్ని డిగ్రీల ఒరుగు కూడా దాన్ని దెబ్బతీస్తుంది. తలుపు రబ్బరు అంచు చుట్టూ కాగితం పెట్టి లాగి చూస్తే అన్నిచోట్లా పట్టుగానే ఉంది. వెనక గొట్టాల మీద పసుపు రంగు మరకలు గానీ, అమ్మోనియా ఘాటు గానీ లేవు. తుప్పు నివారణకు ద్రావణంలో కలిపే సోడియం క్రోమేట్ పసుపు రంగులో ఉంటుంది, అది బయట కనబడితే ఆ యూనిట్ ఆయువు తీరినట్లే.

ప్రయాణంలో వాడే 12 వోల్టుల తీగల్లో మాత్రం ఒక లోపం దొరికింది. కారు ఇంజను నడుస్తుండగా ఫ్రిజ్ దగ్గర 10.8 వోల్టులే ఉంది. హీటర్ శక్తి వోల్టేజీ వర్గాన్ని బట్టి ఉంటుంది, కాబట్టి 12కు బదులు 10.8 అందితే దాదాపు ఐదో వంతు శక్తి పోయినట్టే. ఆ తీగను తీసి 13.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ వేశాను. కానీ ఫిర్యాదు వచ్చింది మిల్డూరాలో మెయిన్స్ కరెంటు మీద నడిచిన ఫ్రిజ్ గురించి కాబట్టి, అసలు జబ్బు అది కాదని స్పష్టం.

గూడును కొలవడం

పోల్చి చూడాలంటే ఫ్రిజ్‌లోకి వెళ్లే శక్తి మారకుండా ఉండాలి. అందుకే పరీక్షలన్నీ 230 వోల్టుల మీదే చేశాను. ఈ ఫ్రిజ్ హీటర్ 190 వాట్లది. ఉష్ణోగ్రత కొలిచే ప్రోబ్‌లు నాలుగు వాడాను. ఒకటి కింది వెంట్ (బయటి గోడలో గూడుకు గాలి ఆడే కిటికీ) బయట నీడలో, ఒకటి కండెన్సర్‌కు కొంచెం కింద, ఒకటి కండెన్సర్ పైన గూడు కప్పుకు దగ్గరగా, నాలుగోది ఫ్రిజ్ లోపల మధ్య అరలో నీళ్ల గ్లాసులో ముంచి పెట్టాను. గాలిలో వేలాడదీసిన ప్రోబ్ తలుపు తీసినప్పుడల్లా ఎగిరిపడుతుంది. నీటిలో ఉన్నది తిండి పదార్థాల ఉష్ణోగ్రతను నిజంగా చెబుతుంది. అబ్జార్ప్షన్ ఫ్రిజ్ మార్పుకు చాలా నెమ్మదిగా స్పందిస్తుంది, కాబట్టి ఏ మార్పు చేసినా మరునాడు అదే వేళకు వచ్చే అంకెనే లెక్కలోకి తీసుకున్నాను.

వేడి లెక్క ఇలా ఉంటుంది. హీటర్ ఇచ్చే 190 వాట్లు, వాటి సాయంతో ఫ్రిజ్ లోపలి నుంచి బయటికి తెచ్చే మరో నలభై యాభై వాట్లు, అన్నీ కలిసి ఇంచుమించు 235 వాట్లు గూడులోకే వస్తాయి. ఆ వేడిని మోసుకుపోయే గాలి తాను 20 డిగ్రీలు మాత్రమే వేడెక్కాలంటే సెకనుకు సుమారు 10 లీటర్ల గాలి గూడులోంచి ప్రవహించాలి, 10 డిగ్రీలే వేడెక్కాలంటే దానికి రెట్టింపు కావాలి. వినడానికి ఇది చిన్న అంకెలాగే ఉంటుంది. కానీ ఈ గాలిని కదిలించే శక్తి మరీ చిన్నది. కింది వెంట్‌కూ పై వెంట్‌కూ మధ్య 1.2 మీటర్ల ఎత్తు, బయటి గాలికంటే లోపలి గాలి 20 డిగ్రీలు ఎక్కువ వేడి అనుకుంటే, వేడి గాలి తేలికదనం వల్ల పుట్టే పీడన భేదం ఒక పాస్కల్‌కు కూడా చేరదు. అంటే వాతావరణ పీడనంలో లక్షవ వంతు. సెకనుకు 5 మీటర్ల వేగంతో వీచే గాలి, అంటే గంటకు 18 కిలోమీటర్ల మామూలు గాలి, గోడ మీద దాదాపు 15 పాస్కల్‌ల ఒత్తిడి తెస్తుంది. అది నేరుగా పై వెంట్‌లోకి కొడితే వేడి గాలి బయటికి రాలేక గూడులోనే సుడి తిరుగుతుంది. ఫ్రిజ్ కొన్ని రోజులు బాగుండి కొన్ని రోజులు మొరాయిస్తోందని యజమానులు చెప్పే మాట వెనక చాలాసార్లు ఈ గాలి దిశే ఉంటుంది. ఇంత బలహీనమైన ప్రవాహానికి ప్రతి సందూ, ప్రతి వంపూ, ప్రతి జాలీ లెక్కలోకి వస్తాయి.

గాలి ఎటు పోతోందో కంటికి కనిపించడానికి అగరుబత్తి వాడాను. గ్యాస్ సిలిండర్ కట్టేసి, ఫ్రిజ్ కరెంటు మీద నడుస్తుండగా కింది వెంట్ దగ్గర అగరుబత్తి వెలిగించి, పై వెంట్ విప్పి టార్చి వేసి చూశాను. పొగ కండెన్సర్ రెక్కల్లోకి పోనేలేదు. కారవాన్ బయటి గోడ లోపలి వైపును అంటుకుని తిన్నగా పైకి పాకి వెళ్లిపోయింది.

గూడులో కనిపించినవి

ఫ్రిజ్ వీపుకూ బయటి గోడకూ మధ్య 90 మిల్లీమీటర్ల ఖాళీ ఉంది. ఖాళీ ఎంత ఎక్కువుంటే గాలి అంత బాగా ఆడుతుందని చాలామంది అనుకుంటారు. ఇక్కడ అది తలకిందులు. రెక్కల మధ్య సన్నని సందుల్లోంచి దూరడం గాలికి కష్టం, గోడ పక్కన ఖాళీలోంచి ఎక్కడం సులువు. గాలి సులువైన దారినే పోతుంది. రెక్కల మధ్య ఉన్న గాలి కదలక మెదలక కాగుతూనే ఉండిపోతుంది. ఈ పరిస్థితిలో వెంట్‌లను ఎంత పెద్దవి చేసినా, గూడులోకి ఎంత గాలి వచ్చినా కండెన్సర్‌కు ఒరిగేది లేదు. ఈ కేసులో నేను నొక్కి చెప్పదలచుకున్న విషయం ఇదే. ముందు గాలికి దారి ఏర్పరచాలి, దాని బలం పెంచడం ఆ తరువాతి మాట.

దీనికి సాక్ష్యం ఆ గూడులోనే ఉంది. కారవాన్ పాత యజమాని ఎవరో పై వెంట్ వెనక ఒక ఫ్యాన్ బిగించారు. అది తిరుగుతూనే ఉంది, శబ్దమూ చేస్తోంది. అయితే వెంట్ వెడల్పు ఫ్యాన్ కంటే మూడు రెట్లు ఎక్కువ, ఫ్యాన్ చుట్టూ ఏ మూతా లేదు. అగరుబత్తిని బయట పై వెంట్ అంచు దగ్గర పట్టుకుంటే, పొగ పక్క పలకల సందుల్లోంచి లోపలికి పోయి ఫ్యాన్ గుండా మళ్లీ బయటికి వచ్చింది. బయటి గాలినే తీసుకుని బయటికే తోస్తూ ఆ ఫ్యాన్ కాలం గడుపుతోంది. కండెన్సర్ దగ్గరి గాలిని అది తాకనే లేదు.

మరి కొన్ని లోపాలు కూడా బయటపడ్డాయి. పై వెంట్ ఎగువ అంచు ఫ్రిజ్ పైభాగానికి 150 మిల్లీమీటర్లు కిందికి ఉంది. దాంతో ఫ్రిజ్ నెత్తి మీద వేడి గాలి బయటికి పోయే దారి లేక ఒక మడుగులా నిలిచిపోయి, కింద ఉన్న ఫ్రీజర్ గదిని పైనుంచి కాస్తోంది. కింది వెంట్ వెనక సన్నని దోమల జాలీ అతికించారు, దాని కళ్లన్నీ దుమ్ముతో పూడిపోయాయి. ఆస్ట్రేలియాలో మట్టితో గూళ్లు కట్టే కందిరీగలు గ్యాస్ బర్నర్‌లో చేరతాయన్న భయంతో ఇలా జాలీలు వేస్తారు, ఆ భయం నిజమైనదే. కానీ ఒక పాస్కల్ కూడా లేని ఒత్తిడితో నడిచే గాలికి ఆ సన్నని జాలీ దాదాపు గోడతో సమానం.

అన్నిటికంటే ఎక్కువ ఆందోళన కలిగించింది ఫ్రిజ్ పక్కనున్న సందు. గూడుకూ వంటింటి అల్మారాకూ మధ్య చెక్క సరిగా మూయలేదు, లోపలి నుంచి చేయి పెడితే వేడి గాలి తగులుతోంది. చల్లదనం విషయం అలా ఉంచితే, గ్యాస్ మీద నడిపినప్పుడు బర్నర్ మంట నుంచి వచ్చే వాయువులు ఈ సందు గుండా మనుషులు నిద్రపోయే చోటికి చేరే ప్రమాదం ఉంది. కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు, రంగు ఉండదు. కారవాన్‌లలో గ్యాస్ అమరికకు ఆస్ట్రేలియా, న్యూజీలాండ్‌లు కలిసి పాటించే ఏఎస్/ఎన్‌జెడ్‌ఎస్ 5601.2 ప్రమాణం ఉన్నది ఇలాంటివి జరగకుండా చూడటానికే. ఫ్రిజ్ గూడు నివసించే గది నుంచి పూర్తిగా వేరుపడి, బయటి గాలితో మాత్రమే సంబంధం కలిగి ఉండాలి. యజమానికి నేను మొదట చెప్పిన మాట, ఈ సందు మూసేవరకు ఫ్రిజ్‌ను గ్యాస్ మీద నడపవద్దని.

చేసిన పనులు

అన్నీ ఒకేసారి చేస్తే దేనివల్ల ఎంత మేలు జరిగిందో తెలియదు కాబట్టి, ఒక్కొక్కటే చేసి కొలుస్తూ వెళ్లాను. మొదట సన్నని జాలీ తీసేసి, కందిరీగ దూరలేని, గాలికి మాత్రం అడ్డుపడని పెద్ద కళ్ల స్టెయిన్‌లెస్ జాలీ వేశాను. పక్క సందుల్లో రాక్‌వూల్ (మండని రాతి ఉన్ని) కూరి, దాని మీద అల్యూమినియం రేకు బిగించి, అంచులను వేడికి తట్టుకునే సీలెంట్‌తో మూశాను. పొగగొట్టానికి దగ్గరలో స్ప్రే ఫోమ్ వంటి మండే పదార్థాలను ఎంత సులువుగా అనిపించినా వాడకూడదు. బాయిలర్ చుట్టూ ఉన్న తొడుగును తాకనే లేదు.

తరువాత అడ్డురేకులు. పల్చని అల్యూమినియం షీట్‌ను గూడు వెడల్పుకు కోసి, బయటి గోడ నుంచి కండెన్సర్ రెక్కల అడుగు అంచు వరకు ఏటవాలుగా, అడుగు నుంచి పైకి వాలేలా బిగించాను. కింద నుంచి వచ్చే గాలి అబ్జార్బర్ చుట్టలను రాసుకుంటూ ఎక్కి, ఆ వాలు వెంబడి రెక్కల కిందికే చేరాలి. గోడ పక్కదారి మూసుకుపోయింది. రెక్కలకు ఎదురుగా కూడా మరో నిలువు రేకు పెట్టి, గోడ వైపు ఖాళీని 20 మిల్లీమీటర్లకు తగ్గించాను. మూడో రేకు పైన. ఫ్రిజ్ వెనక ఎగువ అంచు నుంచి పై వెంట్ ఎగువ అంచుకు వాలుగా దించి, నెత్తి మీద మడుగు కట్టే చోటును గూడు నుంచి వేరు చేశాను. ఆ రేకు వెనక, ఫ్రిజ్ పైన ఖాళీలో రాక్‌వూల్ పరిచాను. రేకులు విప్పి తీయడానికి వీలుగా స్క్రూలతోనే బిగించాను, ఎందుకంటే బర్నర్‌నూ పొగగొట్టాన్నీ ఏడాదికోసారి శుభ్రం చేయాలి. పొగగొట్టం చుట్టూ రేకుల్లో తగినంత ఖాళీ వదిలి, దాని కొస ఎప్పటిలాగే బయటికి తెరుచుకునేలా చూసుకున్నాను.

పైకప్పుకు రంధ్రం చేసి చిమ్నీ వంటి వెంట్ పెట్టడం దీనికంటే మంచిదని ఒక వాదన ఉంది. ఎత్తు పెరుగుతుంది కాబట్టి గాలి లాగుడూ పెరుగుతుంది, అది నిజమే. కానీ ఈ కారవాన్ పైకప్పు మీద ఆ చోట సోలార్ ప్యానెల్ ఉంది, పైగా పాత కారవాన్ కప్పుకు కొత్త రంధ్రం చేయడమంటే వాన నీటికి కొత్త దారి ఇవ్వడమే. లోపలి చెక్క కుళ్లిన కారవాన్‌లను చాలా చూసిన నాకు ఆ పని అనవసరం అనిపించింది.

ఫ్యాన్లను చివరికి ఉంచాను. పై వెంట్ దగ్గరి పాత ఫ్యాన్ తీసేసి, 120 మిల్లీమీటర్ల 12 వోల్టుల బాల్ బేరింగ్ ఫ్యాన్లు రెండింటిని కండెన్సర్ రెక్కలకు కొద్దిగా కింద, అడ్డురేకు ఎగువ కొసన, గాలిని పైకి రెక్కల్లోకి ఊదేలా అమర్చాను. వాటి మధ్యా పక్కనా మిగిలిన ఖాళీని కావాలనే పూర్తిగా మూయలేదు. కొంత గాలి అందులోంచి వెనక్కి జారుతుంది, ఆ నష్టానికి ఒప్పుకోవచ్చు. ఫ్యాన్ పాడైన రోజున సహజంగా ఎక్కే గాలికి దారి ఉండటం అంతకంటే ముఖ్యం. కండెన్సర్ చివరి రెక్కకు ఒక బైమెటల్ స్విచ్ తగిలించాను. అది 45 డిగ్రీల దగ్గర ఫ్యాన్లను తిప్పి, 35 దగ్గర ఆపేస్తుంది. ఒక్కో ఫ్యాన్ తీసుకునేది 0.2 ఆంపియర్లే కాబట్టి, పది గంటలు తిరిగినా బ్యాటరీ నుంచి పోయేది 4 ఆంపియర్ అవర్లు. తీగకు బ్యాటరీ దగ్గరే ఫ్యూజ్ వేశాను.

ఫ్యాన్లను కింది వెంట్ దగ్గర పెట్టకపోవడానికి కారణం ఉంది. అక్కడే బర్నర్ ఉంటుంది. నేరుగా గాలి కొడితే మంట ఊగుతుంది, ఆరిపోతుంది, లేదా పసుపు రంగులోకి మారి మసి పడుతుంది. పని అంతా అయ్యాక లైసెన్స్ ఉన్న గ్యాస్ ఫిట్టర్‌ను పిలిపించాం. ఆయన ఫ్యాన్లు ఆగి ఉన్నప్పుడూ తిరుగుతున్నప్పుడూ మంటను చూసి, గ్యాస్ పీడనం ఇక్కడి ప్రమాణమైన 2.75 కిలోపాస్కల్‌ల దగ్గర ఉందని నిర్ధారించి, గూడు నుంచి గదిలోకి వాయువు రావడం లేదని పరీక్షించి ధ్రువపత్రం ఇచ్చారు. గదిలో కార్బన్ మోనాక్సైడ్ అలారం కూడా పెట్టించాను.

వచ్చిన ఫలితం

బయట నీడలో 38 డిగ్రీలున్న మధ్యాహ్నాలనే పోలికకు తీసుకున్నాను. ఏ మార్పూ చేయకముందు కండెన్సర్ పైన 66 డిగ్రీలు, ఫ్రిజ్ లోపల నీటి గ్లాసులో 13 డిగ్రీలు. జాలీ మార్చి సందులు మూశాక కండెన్సర్ పైన 63కు దిగింది, లోపల 12. ఇది చిన్న మార్పే. అడ్డురేకులు బిగించాక కండెన్సర్ పైన 58, లోపల 8 డిగ్రీలు. అంటే ఒక్క ఫ్యానూ తిరగకుండా, కరెంటు ఖర్చు లేకుండా, రేకు ముక్కలు మాత్రమే నాలుగు డిగ్రీలు తగ్గించాయి. ఫ్యాన్లు కూడా చేరాక పైన 49, లోపల 6 డిగ్రీల దగ్గర నిలిచింది. ఈ అంకెలు ముందు వేసిన లెక్కకు కూడా సరిపోతున్నాయి. గాలి బయటికంటే 20 డిగ్రీలు వేడెక్కుతోందంటే సెకనుకు 10 లీటర్ల ప్రవాహం, 11 డిగ్రీలే వేడెక్కుతోందంటే 20 లీటర్లకు కాస్త తక్కువ ప్రవాహం.

ఫ్యాన్ల వల్ల కలిగిన అసలు మేలు ఈ సగటుల్లో పూర్తిగా కనిపించదు. పై వెంట్‌కు ఎదురుగా గాలి కొట్టిన రోజుల్లో రేకులతో మాత్రమే ఉన్నప్పుడు ఫ్రిజ్ లోపల మళ్లీ 10 వరకు ఎక్కేది. ఫ్యాన్లు వచ్చాక గాలి దిశతో సంబంధం లేకుండా ఒకేలా ఉంటోంది. మరో సంతోషకరమైన సూచన, హీటర్ ఆగడం మొదలైంది. ఇంతకుముందు ఎండ రోజుల్లో అది రాత్రి పొద్దుపోయేవరకు ఆగకుండా కాలేది; ఇప్పుడు సాయంత్రానికే లోపల చాలినంత చల్లబడి థర్మోస్టాట్ దాన్ని ఆపుతోంది. ఆగిన హీటర్ గూడులోకి వేడి పంపదు కాబట్టి, ఆ మేలు మరికొంత మేలు చేస్తుంది.

6 నుంచి 5కు దించిన చివరి డిగ్రీ నీడ వల్ల వచ్చింది. ఆస్ట్రేలియా కారవాన్‌లకు తలుపూ గుడారపు పందిరీ ఎడమ వైపు ఉంటాయి. ఈ కారవాన్‌లో ఫ్రిజ్ కుడి వైపు గోడకు ఉంది, అంటే పందిరి నీడ దానికి ఎప్పుడూ పడదు. మన దేశంలో మిట్టమధ్యాహ్నపు సూర్యుడు ఏడాదిలో ఎక్కువ భాగం దక్షిణం వైపు ఉంటాడు, ఇక్కడ ఉత్తరం వైపు ఉంటాడు. ఈ సంగతి గుర్తుంచుకుని, వీలైనచోట ఫ్రిజ్ ఉన్న గోడ దక్షిణానికో తూర్పుకో ఉండేలా నిలపమని చెప్పాను. పడమర తప్పనప్పుడు ఆ గోడకు ఒక మూర దూరంలో, వెంట్‌లకు గాలి ఆడేలా షేడ్ క్లాత్ కట్టుకోవాలి. గోడకు అంటించి కడితే నీడ వస్తుంది, గాలి ఆగిపోతుంది.

వాడకం గురించి కుటుంబానికి చెప్పినవి కొన్నే. బయలుదేరే ముందు రోజే ఫ్రిజ్‌ను మెయిన్స్ మీద పెట్టి చల్లబరచాలి, పెట్టే పదార్థాలు కూడా అప్పటికే చల్లగా ఉండాలి. వేడి సాంబారు గిన్నె ఒక్కటి లోపల పెడితే, నలభై యాభై వాట్ల వేడిని మాత్రమే తోడగల ఈ ఫ్రిజ్ దాన్ని చల్లబరచడానికి గంటలు పడుతుంది. డబ్బాలు ఒకదానికొకటి ఒత్తుకుని ఉండకుండా, లోపలి రెక్కల ముందు గాలి ఆడేంత చోటు వదలాలి. దోసెల పిండి బాగా పులిసే దశ ఇంట్లోనే దాటించి, చల్లబడ్డాక తీసుకెళ్లడం మేలు.

ఈ మార్పులన్నిటికీ ఒక హద్దు ఉంది. ఫ్రిజ్‌లను వాతావరణ తరగతులుగా విభజిస్తారు. ఎన్ తరగతి 32 డిగ్రీల వరకు, ఎస్‌టీ 38 వరకు, టీ తరగతి 43 వరకు పనిచేసేలా రూపొందిస్తారు. మన రెంటచింతలలో వేసవి ఎండ ఎంతుంటుందో తెలిసినవారికి టీ తరగతి హద్దు కూడా ఎక్కువేమీ అనిపించదు. ఆస్ట్రేలియా ఎడారి ప్రాంతమైన ఊడ్‌నడాటాలో 1960 జనవరి 2న 50.7 డిగ్రీలు నమోదైంది. ఫ్యాన్ ఎంత బాగా తిరిగినా బయటి గాలి కంటే చల్లని గాలిని తేలేదు. కుటుంబం తరువాతి ప్రయాణంలో 43 డిగ్రీల రోజున ఫ్రిజ్ లోపల 8 వరకు ఎక్కిందని, రాత్రికి మళ్లీ 4కు వచ్చిందని యజమాని చెప్పారు. అలాంటి రోజున పాలు, మాంసం మంచుగడ్డలున్న ఐస్ బాక్సులోకి మార్చుకోవడమే సరైన పని. రెక్కల మీద నీళ్లు చిలకరించే అలవాటు కొందరికి ఉంది. విద్యుత్ తీగలు, హీటర్ ఉన్న చోట అది ప్రమాదకరం, పైగా గొట్టాలకు తుప్పు పట్టిస్తుంది.

ఎప్పుడూ ఎడారి ప్రాంతాలకే వెళ్లేవారైతే 12 వోల్టుల కంప్రెసర్ ఫ్రిజ్‌కు మారడం మంచిదని నా అభిప్రాయం. ఒక వాట్ విద్యుత్‌తో అది తోడే వేడి అబ్జార్ప్షన్ ఫ్రిజ్ తోడేదానికి ఎన్నో రెట్లు ఎక్కువ. మట్టంగా నిలపాలన్న పట్టింపు ఉండదు, పొగగొట్టం ఉండదు. దానికి తగిన బ్యాటరీ, సోలార్ ప్యానెల్ ఖర్చు మాత్రం విడిగా ఉంటుంది. దాని కండెన్సర్‌కు కూడా ఇదే విధంగా గాలి దారి కావాలి, గూడులో బిగించి వెంట్ మరిచిపోయిన కంప్రెసర్ ఫ్రిజ్ ఆగకుండా నడుస్తూ బ్యాటరీని ఖాళీ చేస్తుంది. ఈ కుటుంబం ఏడాదిలో ఎక్కువగా వెళ్లేది సముద్ర తీరానికీ మర్రే నది ఒడ్డుకూ కాబట్టి, ఉన్న ఫ్రిజ్‌నే ఉంచుకున్నారు. వేసవి మొదలయ్యే ముందు కింది వెంట్ విప్పి జాలీ దులపడం, ఫ్యాన్లు రెండూ తిరుగుతున్నాయో లేదో చూడటం, చలికాలంలో వెంట్‌లకు తగిలించిన మూతలు తీయడం యజమాని తానే చేసుకుంటున్నారు. బర్నర్ శుభ్రం చేయడం మాత్రం ఏడాదికోసారి గ్యాస్ ఫిట్టర్ చేతే చేయిస్తున్నారు.